టోక్యో షుతో ఎక్స్‌ప్రెస్‌వే: మనం టోలు దేనికి చెల్లిస్తున్నాం?

టోక్యో నగరంలో చాలావరకు వంతెనల మీద సాగే టోలు రోడ్డు షుతో ఎక్స్‌ప్రెస్‌వేను వేగం కోసమే ఎక్కేవారికి మొదటి ప్రయాణంలోనే కొంత నిరాశ కలుగుతుంది. టోక్యో నడిబొడ్డును చుట్టివచ్చే సీ1 వలయ మార్గంలో అనుమతించిన గరిష్ఠ వేగం గంటకు 50 కిలోమీటర్లే. మిగిలిన మార్గాల్లో చాలావరకు 60, సముద్రతీరం వెంబడి సాగే వాంగాన్ మార్గంలో 80. రద్దీ వేళల్లో ఆ వేగమైనా అందదు. డబ్బు చెల్లించి ఎక్కిన రోడ్డు మీద బారులు తీరి నిలబడవలసి రావడం ఏమిటన్న ప్రశ్న నాకూ వచ్చింది. అయితే ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా ఈ రోడ్డును తరచుగా వాడుతూ, దాన్ని ఎలా కట్టారో, ఎలా కాపాడుకుంటున్నారో తెలుసుకుంటూ వచ్చిన తరువాత, ఈ సేవను తూచవలసిన తక్కెడ వేరని అర్థమైంది. అరవై ఏళ్లు దాటిన వంతెన మీద, రోజుకు దాదాపు పది లక్షల వాహనాల బరువు కింద, ఆ వంతెన వయసు ఏ వాహనదారుడికీ గుర్తుకు రాకుండా చూసుకోవడమే ఈ రోడ్డును నడిపే సంస్థ మనకు అమ్ముతున్న సరుకు. ఈ సమీక్ష ప్రధానంగా ఆ సరుకు నాణ్యత గురించే.

ఈ రోడ్డు పుట్టుక తెలియకుండా దాని లోపాలు అర్థం కావు. 1959లో ఏర్పడిన ప్రభుత్వ కార్పొరేషన్ 1962 డిసెంబర్ 20న క్యోబాషి నుంచి షిబావురా వరకు 4.5 కిలోమీటర్ల తొలి భాగాన్ని తెరిచింది. 1964 ఒలింపిక్స్ ముంచుకొస్తున్నాయి. ఇళ్లూ దుకాణాలూ కిక్కిరిసిన నగరంలో భూసేకరణకు వ్యవధి లేదు. అందుచేత నదుల మీద, కాలువల మీద, అప్పటికే ఉన్న వీధుల మీద స్తంభాలు నిలిపి వంతెనలు పరిచారు. సుకిజి నదిలోనైతే నీటిని ఖాళీ చేసి దాని అడుగునే రోడ్డుగా మార్చారు. ఆనాటి తొందర ఈనాటికీ స్టీరింగ్ పట్టుకున్నవారి చేతులకు తెలుస్తుంది. కాలువ ఎటు మెలికలు తిరిగితే రోడ్డూ అటే తిరుగుతుంది. కొన్ని చోట్ల వాహనాలు కుడివైపు నుంచి, అంటే ఎడమ పక్కన నడిపే ఆ దేశంలో వేగంగా వెళ్లే వరుసలోకే వచ్చి కలుస్తాయి. అలా కలవడానికి ఇచ్చిన దూరం చాలా తక్కువ. బండి మొరాయిస్తే పక్కకు తీసి నిలపడానికి పాత మార్గాల్లో చాలాచోట్ల అంచున ఖాళీ స్థలమే ఉండదు. వంపుల దగ్గర బాణం గుర్తుల బోర్డులు, రోడ్డు మీద రంగు పూతలు, ముందున్న రద్దీని చెప్పే తెరలు ఈ లోటును కొంత తగ్గిస్తాయే గాని పూర్తిగా తీర్చలేవు. భద్రత విషయంలో దీనికి నిండు మార్కులు వేయలేకపోవడానికి మొదటి కారణం ఇదే. కొత్తగా నడిపేవారు తొలిసారి సీ1 వలయం ఎక్కదలిస్తే ఆదివారం ఉదయం వంటి ఖాళీ వేళను, అదీ పక్కన దారి తెలిసిన మనిషిని ఎంచుకోవడం మేలు.

ఇప్పుడు మొత్తం మార్గాల పొడవు దాదాపు 327 కిలోమీటర్లు. అందులో సుమారు 95 శాతం వంతెనలు, సొరంగాలు వంటి కట్టడాలే కావడం ఈ సేవకు సంబంధించి అన్నిటికన్నా ముఖ్యమైన అంకె అని నేను భావిస్తాను. నేల మీద వేసిన రోడ్డు కుంగితే తారు పోసి పూడ్చవచ్చు, కాని స్తంభాల మీద నిలిచిన రోడ్డుకు ఆ వెసులుబాటు లేదు. దాని పలక కింద ఉక్కు దూలాలున్నాయి, దూలాల కింద బేరింగులున్నాయి, పలకకూ పలకకూ నడుమ ఎండకు సాగి చలికి ముడుచుకునే అతుకులున్నాయి. వీటిలో ఏది చెడినా పై నుంచి చూసేవారికి వెంటనే కనిపించదు. పైగా ఈ రోడ్డు మీద తిరిగే భారీ వాహనాల సంఖ్య టోక్యో 23 వార్డుల్లోని మామూలు రోడ్లతో పోలిస్తే దాదాపు ఐదు రెట్లు. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. కాంక్రీటు పలకకు కలిగే నష్టం ఇరుసు బరువుతో సమంగా పెరగదు, సుమారు పన్నెండో ఘాతంలో పెరుగుతుంది. ఆ దేశంలో ఇరుసు బరువుకు సాధారణ పరిమితి 10 టన్నులు. 20 టన్నుల ఇరుసుతో ఒక లారీ వెళ్లిందంటే, పరిమితికి లోబడిన లారీలు దాదాపు నాలుగు వేలు వెళ్లినంత దెబ్బ ఆ పలకకు తగులుతుంది. ప్రవేశ ద్వారాల దగ్గర ఇరుసు బరువును కొలిచే యంత్రాలు పెట్టడం, పోలీసులతో కలిసి అధిక బరువు లారీలను ఆపి వెనక్కి పంపడం మామూలు కారు నడిపేవారికి సంబంధం లేని పనుల్లా కనిపిస్తాయి. నిజానికి మన టోలు సొమ్ము ఎంతకాలం నిలుస్తుందో నిర్ణయించేది ఈ పనే. ఈ విషయంలో ఇంకా కఠినంగా ఉన్నా వాహనదారులెవరూ నష్టపోరు.

రాత్రి పదకొండు దాటాక ఈ రోడ్డు మీద వెళ్లినవారికి ఒక వరుస మూసి, దీపాల వెలుగులో పని చేస్తున్న బృందాలు తరచుగా కనిపిస్తాయి. వేగం తగ్గించమనే బోర్డును చూసి విసుక్కునేవారికి ఆ బృందం చేసే పని ఏమిటో తెలిస్తే విసుగు నిలవదు. చిన్న సుత్తితో కాంక్రీటును తట్టుకుంటూ పోతారు. గట్టి కాంక్రీటు ఒక రకంగా మోగుతుంది, లోపల విడిపోయిన కాంక్రీటు బోలుగా పలుకుతుంది. ఉక్కు దూలాల వెల్డింగు అతుకుల దగ్గర వెంట్రుకవాసి పగుళ్లను కంటితోనూ పరికరాలతోనూ వెతుకుతారు. 2012 డిసెంబర్‌లో టోక్యోకు పశ్చిమాన, ఈ సంస్థకు చెందని చువో ఎక్స్‌ప్రెస్‌వేలోని ససాగో సొరంగంలో పైకప్పు పలకలు కూలి తొమ్మిది మంది మరణించారు. ఆ తరువాత జపాన్‌లో వంతెనలను, సొరంగాలను ఐదేళ్లకు ఒకసారి దగ్గరగా వెళ్లి కంటితో పరీక్షించడం 2014 నుంచి తప్పనిసరి అయింది. షుతో సంస్థ దీనికి తోడు లేజరు పరికరాలు బిగించిన వాహనాన్ని రోడ్డంతా నడిపి కోట్లాది బిందువులతో త్రిమితీయ చిత్రం తయారుచేసే పద్ధతిని కూడా వాడుతోంది. దానికి ‘ఇన్‌ఫ్రా డాక్టర్’ అని పేరు పెట్టారు. అయినా ఆఖరి మాట సుత్తి పట్టుకున్న మనిషిదే కావడం నాకు ధైర్యాన్నిచ్చే విషయం.

తనిఖీ చేయడానికే వీలులేకుండా కట్టిన చోట ఏం చేయాలి? హనేదా మార్గంలోని హిగాషి షినగావా, సమెజు భాగం ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణ. 1963లో తెరిచిన ఈ 1.9 కిలోమీటర్ల భాగాన్ని సముద్రపు నీటికి దాదాపు ఆనుకున్నట్టు కట్టారు. కిందికి మనిషి దూరి చూసే ఎడం లేదు, ఉప్పునీటి తుంపరకు లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి కాంక్రీటు పెచ్చులూడింది. అతుకులు వేసి నెట్టుకొచ్చే దశ దాటిందని నిర్ణయించి, 2016లో పాతదాన్ని పూర్తిగా తీసి కొత్తది కట్టే పని మొదలుపెట్టారు. రోజుకు సుమారు 70 వేల వాహనాలు వెళ్లే దారిని మూయకుండానే పక్కన తాత్కాలిక వంతెన వేసి, వాహనాలను దాని మీదికి మళ్లించి, ఖాళీ అయిన చోట కొత్త కట్టడాన్ని నీటికి మరింత ఎత్తున లేపారు. దాని కింద తనిఖీ చేసేవారు ఎప్పుడైనా నడిచి వెళ్లేలా శాశ్వతమైన నడవను కూడా అమర్చారు. మనుమల తరం ఇంజనీరు వచ్చి చూడవలసి ఉంటుందని కట్టేటప్పుడే ఆలోచించడం కన్నా నిలకడైన నిర్వహణకు మంచి నిదర్శనం నాకు తోచదు. నా సమీక్షలో ఈ సంస్థకు అత్యధిక మార్కులు పడేది ఇక్కడే.

భూకంపాల సంగతి కూడా చెప్పాలి. 1995 జనవరిలో కోబె భూకంపానికి హన్షిన్ ఎక్స్‌ప్రెస్‌వే 635 మీటర్ల మేర స్తంభాలతో సహా పక్కకు ఒరిగి పడిపోయిన ఛాయాచిత్రాన్ని చూడనివారు అరుదు. ఆ తరువాత షుతో మార్గాల్లోని స్తంభాలకు ఉక్కు రేకుల కవచాలు తొడిగి, దూలాలు జారిపడకుండా గొలుసులూ అడ్డుకట్టలూ బిగించారు. 2011 మార్చి 11 నాటి మహాభూకంపంలో మొత్తం ఎక్స్‌ప్రెస్‌వేను మూసి, పరీక్షించి, తిరిగి తెరవగలిగారు. వంతెనలేవీ కూలలేదు. భూమి కంపించినప్పుడు మనం చేయవలసింది కూడా తెలిసి ఉండాలి: మెల్లగా ఎడమ పక్కకు తీసి ఆపాలి, విడిచి వెళ్లవలసి వస్తే తాళం చెవి కారులోనే ఉంచి, తలుపులకు తాళం వేయకుండా అత్యవసర మెట్ల గుండా దిగాలి. వెనక వచ్చే అంబులెన్సులకు, అగ్నిమాపక వాహనాలకు దారి చేయడానికి ఆ కారును ఎవరో ఒకరు జరపవలసి ఉంటుంది.

అగ్నిప్రమాదం మాత్రం ఈ కట్టడానికి ఎంత ప్రమాదకరమో 2008 ఆగస్టు 3న తెలిసివచ్చింది. ఇకెబుకురో మార్గంలో కుమానోచో జంక్షన్ దగ్గర పెట్రోలు, డీజిలు నింపుకున్న ట్యాంకరు వంపులో బోల్తాపడి మండింది. అక్కడ రోడ్డు రెండంతస్తులుగా ఉంటుంది. కింది అంతస్తు మంటకు పై అంతస్తు దూలాలు వేడెక్కి కుంగిపోయాయి. మొత్తం మార్గం తిరిగి తెరవడానికి అక్టోబర్ 14 వరకు పట్టింది. 2016లో టోక్యో జిల్లా న్యాయస్థానం ఆ ట్యాంకరుకు సంబంధించిన రవాణా సంస్థ తదితరులు దాదాపు 328 కోట్ల యెన్‌లు చెల్లించాలని తీర్పు చెప్పింది. ఒక డ్రైవరు ఒక వంపులో తగ్గించని వేగం రెండున్నర నెలలపాటు లక్షల మంది ప్రయాణాన్ని తలకిందులు చేయగలదని ఈ ఉదంతం చెబుతుంది. అందుకే వంపుల దగ్గర వేగ పరిమితిని అనవసరమైన ఆటంకంగా చూసేవారితో నేను ఏకీభవించలేను.

సొరంగం విషయంలో ఈ సంస్థ ఆలోచన చాలా ముందుంది. 2015 మార్చి 7న పూర్తయిన 18.2 కిలోమీటర్ల యామతే సొరంగం జపాన్‌లోని రోడ్డు సొరంగాలన్నిటిలోకీ పొడవైనది. అందులో 25 మీటర్లకు ఒక మంటను పసిగట్టే పరికరం, 50 మీటర్లకు ఒక నురుగు గొట్టమూ అగ్నిమాపక సిలిండరూ, 100 మీటర్లకు ఒక అత్యవసర ఫోనూ ఒక కెమెరా, 350 మీటర్ల లోపు ఒక బయటికి వెళ్లే తలుపు ఉన్నాయి. ఈ అంకెలను నేను కంఠస్థం చేశాను. పొగ కమ్మిన చీకట్లో బోర్డు కనబడకపోయినా, ఎంత దూరం నడిస్తే తలుపు దొరుకుతుందో తెలియడం ప్రాణాన్ని నిలబెడుతుంది. సొరంగంలోని గాలిని నేరుగా నగరం మీదికి వదలకుండా, సూక్ష్మ ధూళిలో 80 శాతం, నైట్రోజన్ డయాక్సైడులో 90 శాతం తొలగించేలా శుద్ధి యంత్రాలు పెట్టారు. ఈ సొరంగంతో, సీ1కు వెలుపల ఉన్న కేంద్ర వలయ మార్గం పూర్తయినప్పుడు షింజుకు నుంచి హనేదా విమానాశ్రయానికి దాదాపు 40 నిమిషాలు పట్టే దారి 20 నిమిషాలకు తగ్గుతుందని సంస్థ లెక్క చెప్పింది. వాహనాలు అంతగా లేని వేళల్లో ఆ లెక్క నిజమేనని నా ప్రయాణాలు చెబుతున్నాయి.

మంచు కురిసినప్పుడు మాత్రం ఈ వ్యవస్థ బలహీనత బయటపడుతుంది. 2018 జనవరి 22న ఎత్తు ఎక్కలేక ఆగిపోయిన పెద్ద వాహనాల వెనక యామతే సొరంగంలో వాహనాలు గంటల తరబడి చిక్కుకుపోయాయి. అన్ని కెమెరాలున్న చోట, ముందే ద్వారాలు మూసివేసి ఉండవలసింది కదా అన్న విమర్శ న్యాయమైనదే. మంచు సూచన ఉన్న రోజున తొందరగా మూయడం వాహనదారుడికి చికాకే గాని, సొరంగంలో రాత్రి గడపడం కన్నా ఎంతో నయం. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజు శీతాకాలపు టైర్లు లేకుండా ఈ రోడ్డు ఎక్కకపోవడం మన వైపు నుంచి చేయవలసిన పని.

ఇక ధర. 2012 జనవరి 1 వరకు ప్రాంతానికి ఒక స్థిరమైన రుసుము ఉండేది. ఆ రోజు నుంచి వెళ్లిన దూరాన్ని బట్టి వసూలు చేస్తున్నారు. 2022 ఏప్రిల్‌లో అమలైన పట్టిక ప్రకారం ఈటీసీ (మన ఫాస్టాగ్ లాంటి ఎలక్ట్రానిక్ టోలు చెల్లింపు పద్ధతి) ఉన్న మామూలు కారుకు కనిష్ఠం 300 యెన్‌లు, గరిష్ఠం 1,950 యెన్‌లు. అంతకుముందు గరిష్ఠం 1,320 ఉండేది. దూర ప్రయాణం చేసేవారికి ఇది గట్టి పెంపే. అయితే అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 4 లోపు ఎక్కినవారికి 20 శాతం తగ్గింపు కూడా అప్పుడే వచ్చింది. రద్దీని ధరతో సర్దడం సరైన దారి అని నేను నమ్ముతాను. 2021 ఒలింపిక్స్ రోజుల్లో పగటి వేళ సొంత కార్లకు 1,000 యెన్‌లు అదనంగా, అర్ధరాత్రి తరువాత సగం ధరకు వసూలు చేసినప్పుడు అది పనిచేసే పద్ధతేనని చాలామంది కళ్లారా చూశారు. ఈటీసీ లేకుండా నగదుతో వెళ్లేవారు సాధారణంగా గరిష్ఠ ధర చెల్లించవలసి వస్తుంది. నగదు తీసుకోని ద్వారాలు 2022 నుంచి పెరుగుతున్నాయి కూడా. అద్దె కారు తీసుకునేవారు ఈటీసీ కార్డు కూడా అడిగి తీసుకోవాలి.

ధర కన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది దాని గడువు. 2005 అక్టోబర్ 1న పాత కార్పొరేషన్‌ను విభజించి, రోడ్డు ఆస్తినీ అప్పునూ ఒక ప్రభుత్వ సంస్థకు, నిర్వహణను షుతో కంపెనీకి అప్పగించారు. కంపెనీ టోలు వసూలు చేసి ఆ సంస్థకు అద్దె కడుతుంది, ఆ అద్దెతో అప్పు తీరుతుంది, తీరాక రోడ్డు ఉచితం. ఇదీ మాట. ఆ గడువు మొదట 2050, తరువాత 2065. 2023లో సవరించిన చట్టం దాన్ని 2115 వరకు జరపడానికి వీలు కల్పించింది. ఇప్పుడు టోలు కడుతున్న పెద్దలెవరూ ఆ ఉచిత రోడ్డును చూడబోరు. వంతెనలు వృద్ధాప్యంలో పడ్డకొద్దీ ఖర్చు పెరుగుతుందన్న కారణాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. నాకు నచ్చనిది ఉచితం అన్న మాటను ఇంకా పట్టుకుని ఉండడమే. ఇది శాశ్వతమైన పోషణ రుసుము అని నేరుగా చెప్పి, ఏ ఏడు ఏ స్తంభానికి ఎంత ఖర్చయిందో వాహనదారుడి ముందు పెడితే, అదే డబ్బు మనస్ఫూర్తిగా కట్టేవారు పెరుగుతారు.

పార్కింగ్ ప్రదేశాలు చిన్నవి, పాత మార్గాల్లో అవీ తక్కువ. అలసిపోయాక వెతుక్కోకుండా ముందే చూసి పెట్టుకోవాలి.

నగరంలో నివసించేవారికి, అంటే ఈ రోడ్డు ఎక్కకుండా దాని నీడలో బతికేవారికి, ఇది ఏమిచ్చింది అన్న ప్రశ్నకు రెండు చోట్ల రెండు జవాబులున్నాయి. ఒహాషి జంక్షన్‌లో సొరంగం నుంచి పైకి లేచే రోడ్డు రెండు చుట్లు తిరిగి ఎత్తైన షిబుయా మార్గాన్ని కలుస్తుంది. 2010లో తెరిచిన ఆ చుట్టును గోడలతో, పైకప్పుతో కప్పేసి శబ్దాన్నీ పొగనూ లోపలే ఉంచారు. పైకప్పు మీద 2013లో మెగురో ఆకాశ ఉద్యానం వెలిసింది, పక్కనున్న గాలి మార్పిడి భవనం మీద ఒక చిన్న వరిమడి కూడా ఉంది. ఆ తోటలో ఒక సాయంత్రం అరగంట నడిచాను. కాళ్ల కింద లారీలు తిరుగుతున్నాయని తెలిసినా చెవికి వినిపించలేదు. రెండో చోటు నిహోంబాషి. 1911లో కట్టిన అందమైన రాతి వంతెన మీదుగా 1963లో ఎక్స్‌ప్రెస్‌వే వేయడంతో ఆ వంతెనకు ఆకాశం లేకుండా పోయింది. ఇప్పుడు దాదాపు 32,000 కోట్ల యెన్‌ల అంచనాతో, కాండాబాషి, ఎదోబాషి జంక్షన్ల మధ్య సుమారు 1.8 కిలోమీటర్ల మార్గాన్ని మార్చి, అందులో చాలా భాగాన్ని భూమి కిందికి దింపుతున్నారు. సొరంగం 2035 ఆర్థిక సంవత్సరంలో తెరుచుకోవాలని, పాత వంతెన తొలగింపు 2040 నాటికి పూర్తికావాలని ప్రణాళిక. ఈ పని కోసం గోఫుకుబాషి, ఎదోబాషి ప్రవేశ, నిష్క్రమణ ద్వారాలను 2021 మే 10న శాశ్వతంగా మూసేశారు కనుక, పాత మ్యాపు ఉన్న నావిగేషన్‌తో ఆ వైపు వెళ్లేవారు బయలుదేరే ముందే దారి సరిచూసుకోవాలి.